సొంత షాపు నుంచి మనకి మనం జీతం తీసుకోవచ్చా?

వైజాగ్ మధురవాడలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతున్న మేడమ్ అడిగారు కదా, నాకు నేను జీతం వేసుకోవచ్చా, దాంతో ట్యాక్స్ తగ్గుతుందా, రేపు మా అక్కని పార్ట్‌నర్‌గా కలుపుకుంటే ఏటి అని. నాది డాబాగార్డెన్స్‌లో పెళ్లికార్డుల ప్రింటింగండి, చాలా ఏళ్లుగా నడుపుతున్నా, నేను చేసేదే చెప్తాను.

ముందు ట్యాక్స్. షాపు మీ ఒక్కరిదే అయితే చట్టం లెక్కలో మీరూ షాపూ ఒక్కటే, కుడి జేబులోది ఎడం జేబులో వేసుకున్నట్టు, అందుకని మీరు తీసుకున్నది ఖర్చు కింద రాయడానికి లేదు, ఆడిటర్ దాన్ని డ్రాయింగ్స్ (ఓనరు సొంతానికి తీసుకున్నది) అంటాడు. నెలకి పది వేలు తీసుకున్నా యాభై వేలు తీసుకున్నా ట్యాక్స్ లాభం మీదే. ఉద్యోగస్తులకి కొత్త రెజీమ్‌లో, అంటే కొత్త ట్యాక్స్ పద్ధతిలో, జీతంలోంచి తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా మనకి రాదు. ఇంట్లో పిల్లాడి పుట్టినరోజుకి షాపు సరుకుతో కేకు చేస్తే అదీ డ్రాయింగ్సే.

పుస్తకాలు రాయలేని వాళ్లకి 44ఏడీ అని అందరూ అనే స్కీము ఉంది. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉంటే (క్యాష్ 5 శాతం దాటకపోతే 3 కోట్లు) ఫోన్‌పే, బ్యాంకులో వచ్చినదాని మీద 6 శాతం, క్యాష్ మీద 8 శాతం కనీసం లాభంగా చూపించాలి, అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగియకముందే కట్టే ట్యాక్స్) ఏమన్నా పడితే మార్చి 15 లోపు ఒకేసారి కట్టేయొచ్చు. కనీసం అన్నాను, ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించండి, కేకుల్లో 6 శాతమే మిగిలితే ఈపాటికి ఓవెన్ అమ్మేసేవారు. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే కొత్త రెజీమ్‌లో మామూలుగా ట్యాక్సే పడదు, ఇంక తక్కువ చూపించి ఏం లాభం, హోమ్ లోన్‌కి వెళ్తే బ్యాంకు వాడు అడిగేది ఐటీఆరే, అంటే మనం వేసిన ట్యాక్స్ రిటర్నే.

ఇక ఎంత తీసుకోవాలి అనేది అసలు సంగతి. మాకు మాఘం, వైశాఖం, శ్రావణం వస్తే తిండికి టైముండదు, ఆషాఢంలో మిషన్ మీద గుడ్డ కప్పుకోవడమే, మూఢం వచ్చిందంటే ఇంకా చెప్పక్కర్లేదు. అందుకని నేను సీజన్ చూసి కాదు, డల్ నెల చూసి ఒక అంకె పెట్టుకున్నా, ప్రతి నెలా 5న షాపు అకౌంట్ నుంచి ఇంటి అకౌంట్‌కి అంతే వెళ్తుంది, మా ఆవిడ ఇల్లు దాంతోనే నడుపుతుంది, మధ్యలో గల్లాపెట్టెలో చెయ్యి పెట్టేది లేదు. సీజన్లో వచ్చింది షాపులోనే ఉంటుంది, ఎందుకంటే ముహూర్తాలు మొదలవక ముందే కార్డులు, పేపరు కొని పెట్టుకోవాలి. శ్రావణం అయ్యాక బాకీలన్నీ తీర్చి మిగిలితే అందులో సగం ఇంటికి. కస్టమర్ అడ్వాన్స్ మాత్రం సరుకు ఇచ్చేదాకా నాది కాదు, మీకు క్రిస్మస్, న్యూ ఇయర్ ఆర్డర్లకి అడ్వాన్సులు వచ్చినప్పుడు ఇది గట్టిగా పట్టుకోండి.

అక్క విషయం. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కి మొదటి రూపాయి నుంచే 30 శాతం ట్యాక్స్, 12 లక్షల వెసులుబాటు దానికి లేదు. పనిచేసే పార్ట్‌నర్లకి జీతం అని డీడ్‌లో (పార్ట్‌నర్‌షిప్ ఒప్పంద పత్రంలో) రాసుకుంటే అది ఫర్మ్ ఖర్చు కింద పోతుంది, లాభంలో మొదటి 6 లక్షల మీద 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది, ఆపైన 60 శాతం దాకా. ఆ జీతం మీ మీ రిటర్నుల్లో చూపించుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి ఒక పార్ట్‌నర్‌కి ఏడాదిలో జీతం, వడ్డీ అన్నీ కలిపి 20,000 దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ (ఇచ్చే ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ట్యాక్స్) కూడా పట్టాలి. 44ఏడీలో ఉంటే ఆ పార్ట్‌నర్ జీతం లాభంలోంచి విడిగా ఖర్చు కింద తీసేయడానికి కుదరదు. ఇంత తలనొప్పి ఇప్పుడే ఎందుకండీ, షాపు మీ పేరునే ఉంచి అక్క నిజంగా పనిచేస్తే బయటి మనిషికి ఎంతిస్తారో అంతే జీతం బ్యాంకులో వేయండి, మా తమ్ముడికి నేను అలాగే ఇస్తున్నా.