డిసెంబరులో రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదట గబగబా, తర్వాత పెన్సిల్ పట్టుకుని నిదానంగా. ఒక విద్యార్థినిగా ఈ ఏడాది నీ రోజులు ఎలా గడిచాయి, ఏమేం ఆశపడుతున్నావు, లోకం గురించి ఏమనుకుంటున్నావు, ఈ మూడింటినీ నాలుగు పేజీల్లో సర్దాలని చూశావు. ఇష్టంగా రాశావని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అందుకే ఓ మెచ్చుకోలుతో సరిపెట్టకుండా, రాసే మనిషితో మాట్లాడినట్టే నీతో మాట్లాడతాను.

మొదటి పేజీలో "కాలచక్రం గిర్రున తిరిగింది", "తీపి చేదు జ్ఞాపకాల సమ్మేళనం", "ఈ సంవత్సరం నాకు ఎన్నో పాఠాలు నేర్పింది" అని ఉంది. ఆ వాక్యాల్లో తప్పేమీ లేదు. కానీ వాటి కింద ఎవరి పేరు పెట్టినా నప్పుతుంది. వాటిలో నువ్వెక్కడా కనిపించవు. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒకచోట ఆగిపోయాను. "నాన్న మార్కుల కాగితం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి మడిచి పక్కన పెట్టారు. సరే, పడుకో అన్నారు." ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు మొత్తం తెలిసిపోయింది. ఆ వెంటనే నువ్వు "ఆయన కళ్ళలో తీవ్రమైన నిరాశ కనిపించింది" అని వివరించావు. ఆ వాక్యం కొట్టెయ్. కళ్ళజోడు మడిచి పెట్టడంలోనే అది వచ్చేసింది.

నీకు చెప్పాలనుకున్నదంతా ఇక్కడినుంచే మొదలుపెడతాను. ఏడాది మొత్తాన్ని ఒక్క పట్టున పట్టుకోవాలని చూడకు. ఒక రోజును పట్టుకో. ఆశలైనా అభిప్రాయాలైనా ఆ రోజులోంచే పైకి రావాలి.

దూరపు కొండలు నునుపు అంటారు కదా, గడిచిపోయిన నెలలూ అంతే. డిసెంబరులో నిలబడి వెనక్కి చూస్తే అంతా ఒకే తీరుగా కనిపిస్తుంది. కష్టపడ్డాను, నేర్చుకున్నాను, ఎదిగాను అని రాయాలనిపిస్తుంది. మన మరుపు కూడా అందుకు సాయం చేస్తుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. నేర్చుకున్నదాంట్లో సగానికి పైగా గంట తిరిగేసరికే పోతోందని, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తోందని అతని లెక్కల్లో తేలింది. మనం బతికిన రోజుకు అర్థం ఉంటుంది కాబట్టి అది అంత త్వరగా చెరిగిపోదు. అయినా ముందుగా పోయేవి చిన్న వివరాలేనని నా అనుభవం. ఎవరు ఏ బెంచీలో కూర్చున్నారు, ఏ మాటకి క్లాసంతా నవ్వింది, ఆ సాయంత్రం వాన పడిందా లేదా. రచన నిలబడేది సరిగ్గా వాటిమీదే.

ఏడాది అయిపోయింది కదా, ఇప్పుడెలా అంటావేమో. వెతకాలి. నీ నోటుబుక్కులన్నీ బయటికి తీసి చివరి పేజీలు తిరగెయ్. ముందు పేజీల్లో మాస్టార్లు చెప్పినవి ఉంటాయి, చివరి పేజీల్లో నువ్వుంటావు. రకరకాలుగా వేసి చూసుకున్న సంతకం, క్లాసు జరుగుతుండగా పక్కమ్మాయితో నోరు విప్పకుండా రాసుకున్న కబుర్లు, ఇంకెన్ని మార్కులు వస్తే గట్టెక్కుతానో కూడి కొట్టేసిన లెక్క, గంట ఎప్పుడు కొడతారా అని నింపిన గడులు. ఏ పేజీ ఏ నెలదో ముందువైపు పాఠాన్ని బట్టి తెలిసిపోతుంది. తర్వాత ఫోన్ తీసుకో. ఫొటోల్లో అందరూ నవ్వుతూనే ఉంటారు, వాటితో పెద్దగా పని జరగదు. మెసేజ్‌లు చదువు. పరీక్ష వాయిదా పడిందట అన్న పుకారు క్లాసు గ్రూపులో ఎంతసేపు నడిచిందో, ఎవరు నమ్మారో, ఎవరు నమ్మనట్టు నటిస్తూ పుస్తకం మూసేశారో చూడు. అర్ధరాత్రి తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్లు చూడు. ఎందుకు దాచుకున్నావో ఇప్పుడు గుర్తురాకపోతే, అది కూడా రాయదగ్గ విషయమే.

రోజును ఎంచుకునేటప్పుడు ఏ విశేషమూ లేని రోజునే ఎంచుకో. ఫలితాల రోజు, వీడ్కోలు రోజు గురించి అందరూ రాస్తారు. నీ వయసులో బతుకంతా మామూలు మంగళవారాల్లోనే గడుస్తుంది. అలారం ఆపి మళ్ళీ పడుకోవడం, రికార్డు పూర్తికాక దారిలో కాపీ చేసుకోవడం, అటెండెన్సులో తన పేరు వచ్చేలోపు గొంతు సవరించుకోవడం, మాస్టారు ప్రశ్న అడుగుతూ కళ్ళతో వెతుకుతుంటే ఏదో రాసుకుంటున్నట్టు తల దించేయడం. ఇవి చదివినవాళ్ళకి తమ రోజులు గుర్తొస్తాయి. అక్కడే నిన్ను నమ్ముతారు. ఒకసారి నమ్మాక, నువ్వు ఏం ఆశపడుతున్నావో, ఏమనుకుంటున్నావో కూడా వింటారు.

ఆశల గురించి రాసిన పేజీ బాగా పలచగా ఉంది. "మంచి స్థాయికి చేరుకుని తల్లిదండ్రులకు పేరు తేవాలి" అన్నావు. అది నిజమేనని నాకు తెలుసు. కానీ ఆశ ఎప్పుడూ ఆ రూపంలో మనసులోకి రాదు. కిటికీ పక్కన ఓ సొంత బల్ల ఉంటే బాగుండునని వస్తుంది. ఇంగ్లీషులో ఎవరైనా ఏదైనా అడిగితే చెమట పట్టకుండా జవాబు చెప్పగలిగితే చాలనిపిస్తుంది. ఫలానా పరీక్ష మళ్ళీ రాయాల్సిన అవసరం లేకపోతే చాలనిపిస్తుంది. నీ గోడమీద ఇంకా ఓ టైమ్‌టేబుల్ అంటించి ఉందని, అందులో పొద్దున్నే ఐదింటికి లేవాలని ఉందని ఒకచోట యథాలాపంగా రాసి వదిలేశావు. నన్నడిగితే నీ ఆశలన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. ఎప్పుడు రాశావు, ఎన్ని రంగుల పెన్నులు వాడావు, ఎన్నాళ్ళు పాటించావు, పాటించడం మానేశాక కూడా ఎందుకు చింపెయ్యలేదు? ఈ ప్రశ్నలకి జవాబులు రాస్తే ఆ పేజీ నిండుతుంది.

సామ్యూల్ పెపిస్ అనే లండన్ కుర్ర ఉద్యోగి ఉండేవాడు. 1660 జనవరి 1న డైరీ మొదలుపెట్టి, కళ్ళు పోతాయన్న భయంతో 1669 మే 31న ఆపేశాడు. అతనికి ఏడాది చివర తన లెక్క తాను చూసుకునే అలవాటుంది. చేతిలో ఎంత డబ్బు మిగిలింది, ఇంట్లో ఎవరి ఆరోగ్యం ఎలా ఉంది, ఉద్యోగంలో పరిస్థితి ఏమిటి అని. 1661 డిసెంబరు 31న ఇక నాటకాలకు వెళ్ళను, వైన్ తాగను అని ఒట్టు పెట్టుకున్నట్టు రాసుకున్నాడు. తర్వాత అలాంటి ఒట్లు ఎన్నోసార్లు పెట్టుకున్నాడు, తప్పాడు, తప్పినందుకు పేదల కోసం పెట్టిన డబ్బాలో జరిమానా వేశాడు. అదంతా దాచకుండా రాశాడు. నిలబెట్టుకున్న ఒట్లు మాత్రమే రాసుంటే మూడున్నర శతాబ్దాల తర్వాత మనం అతన్ని చదివేవాళ్ళం కాదు.

ఇక అభిప్రాయాలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నీ వ్యాసంలో నన్ను ఎక్కువగా కదిలించినదీ, నిరాశపరిచినదీ ఇక్కడే ఉంది కాబట్టి.

"మార్కులు ప్రతిభకు కొలమానం కావు" అని ఓ పేరా రాశావు. రెండు పేరాల కిందకి వెళ్తే, ఫలితాల ముందు రాత్రి నిద్రపట్టక లేచి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ ఫోన్ చూసుకున్నానని రాశావు. ఆ రెండూ నువ్వే. ఒకటి నువ్వు నమ్మేది, ఇంకొకటి నీ ఒంటికి జరిగేది. చాలామంది ఈ రెంటిలో ఒకదాన్ని తీసేసి వ్యాసాన్ని చదును చేస్తారు. నువ్వు ఆ పని చెయ్యొద్దు. రెంటినీ దగ్గరికి తీసుకురా, పక్కపక్కనే పెట్టు. మార్కులకు విలువ లేదని గట్టిగా నమ్మే అమ్మాయికి కూడా ఆ రాత్రి నిద్ర ఎందుకు రాలేదు? జవాబు నీకు ఇంకా తెలియకపోతే తెలియనట్టే రాయి. మార్కుల మీద నేను చదివిన ఉపన్యాసాలన్నిటికంటే ఆ మంచినీళ్ళ గ్లాసు నాకు ఎక్కువ చెప్పింది.

రెండోది, నీ స్నేహితురాలి సంగతి. "నా స్నేహితురాలు మధ్యలోనే చదువు మానేసింది. ఇది చాలా బాధాకరం. ఆడపిల్లల చదువు పట్ల సమాజం దృక్పథం మారాలి" అని మూడు వాక్యాల్లో ముగించావు. మొదటి వాక్యానికీ మూడో వాక్యానికీ మధ్య ఒక మనిషి మాయమైపోయింది. నేను అడుగుతాను, నువ్వు జవాబులు రాసుకో. ఆమె రావడం మానేశాక అటెండెన్సులో పేరు ఎన్నాళ్ళు పిలిచారు? ఆ పేరు దగ్గర నిశ్శబ్దం ఉండేదా, ఎవరైనా "రాలేదు" అనేవారా? పిలవడం ఆపేసిన రోజు నీకు గుర్తుందా? ఆమె చోటులో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు? ఆమె దగ్గర తీసుకున్న పుస్తకం ఏదైనా నీ దగ్గర ఉండిపోయిందా? ఆఖరిసారి ఏం మాట్లాడుకున్నారు? ఇవి రాశాక, సమాజం మారాలని నువ్వు ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం ఉంటుందో లేదో అప్పుడు చూద్దాం. ఉందనిపిస్తే చెప్పు. అప్పుడు ఆ వాక్యానికి బరువు ఉంటుంది, అది ఎక్కడినుంచి వచ్చిందో చదివేవాళ్ళకి తెలుస్తుంది.

ఇంకొక మాట. నీ అభిప్రాయాల కింద తేదీ వెయ్యి. 2013లో సైన్స్ పత్రికలో కోయిడ్‌బాక్, గిల్బర్ట్, విల్సన్ అనే ముగ్గురు పరిశోధకుల వ్యాసం వచ్చింది. పంతొమ్మిది వేల మందికి పైగా పాల్గొన్న పరిశీలన అది. గత పదేళ్ళలో నువ్వెంత మారావంటే చాలా మారానన్నారట, రాబోయే పదేళ్ళలో ఎంత మారతావంటే పెద్దగా మారననుకున్నారట. కుర్రవాళ్ళూ పెద్దవాళ్ళూ అందరిదీ అదే ధోరణి. నీకూ ఇప్పుడు అలాగే ఉంటుంది, ఇవే నా ఆఖరి అభిప్రాయాలని. అలా అనుకుని గట్టిగానే రాయి, తడబడుతూ రాయొద్దు. తేదీ ఉంటే చాలు, మూడేళ్ళ తర్వాత మారిన మనసుతో చదువుకున్నప్పుడు ఆ రోజు ఎందుకలా అనుకున్నావో నీకే కనిపిస్తుంది.

తిరగరాయడానికి బద్ధకించకు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో ఓ ఆఫీసు వెనక భాగంలో కుటుంబంతో దాక్కున్న యూదుల అమ్మాయి అన్నే ఫ్రాంక్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1942 జూన్ 12న పదమూడో పుట్టినరోజుకి వచ్చిన డైరీ అది. 1944 మార్చి 28న లండన్ నుంచి వచ్చే రేడియోలో ఓ డచ్ మంత్రి, యుద్ధం ముగిశాక మామూలు మనుషుల డైరీలు, ఉత్తరాలు సేకరించాలని చెప్పడం విన్నది. ఆ మే నెలలో మొదటినుంచీ తిరగరాయడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు నిండలేదు. కొన్ని తీసేసింది, కొన్ని కలిపింది, ఎవరికి ఏ మారుపేరు పెట్టాలో జాబితా వేసుకుంది. ఆగస్టు 4న పట్టుబడేనాటికి ఆ పని ఇంకా పూర్తికాలేదు. ప్రాణభయంతో ఉన్న ఇంట్లో కూర్చుని కూడా ఆమె పోట్లాటలు, చదువుకున్న పాఠాలు, ఆల్జీబ్రా అంటే తనకున్న చిరాకు రాసింది. అవి అల్పమని తీసిపారెయ్యలేదు. అదే సమయంలో, రాయబడుతున్న మనుషుల పేర్ల గురించి కూడా ఆలోచించింది. ఆ రెండో సంగతి నీకు ఇప్పుడు అవసరం.

నీ స్నేహితురాలి అసలు పేరు రాశావు. ఊరికే పేరు మారిస్తే సరిపోదు, మీ క్లాసులో ఎవరు చదివినా ఆమేనని గుర్తుపడతారు. ఆమెతో మాట్లాడు. ఫోన్ చేసి, ఇలా నీ గురించి రాస్తున్నాను, నీకు ఫర్వాలేదా అని అడుగు. వద్దంటే ఆ భాగం నీ దగ్గరే ఉంచుకో, ఎవరికీ చూపించకు. సరే అంటే, ఆమె చెప్పేది విను. నువ్వు ఊహించుకున్న కారణం, ఆమె చెప్పే కారణం వేరు కావచ్చు. నాన్నగారికి కూడా కళ్ళజోడు వాక్యాలు ముందుగా చదివి వినిపించు. ఆ రాత్రి ఆయన ఏమనుకున్నారో నువ్వు ఇంతవరకూ అడగలేదని నాకనిపిస్తోంది.

31వ తేదీ రాత్రికల్లా అందరికీ చూపించేయాలా అని ఉత్తరం చివర అడిగావు. అక్కర్లేదు. క్యాలెండరు మారడానికీ వ్యాసం పూర్తవడానికీ సంబంధం లేదు. జనవరిలో తీరిగ్గా రాయి, ఫిబ్రవరి అయినా పర్వాలేదు. ఈసారి నాలుగు పేజీలు అవసరం లేదు, రెండు చాలు. ఒక మంగళవారం, ఆ టైమ్‌టేబుల్ కాగితం, నాన్నగారు, ఆమె ఒప్పుకుంటే నీ స్నేహితురాలు. రాశాక పైకి చదువుకో, నాలుక ఎక్కడ తడబడితే అక్కడ సరిచెయ్. తర్వాత నాకు పంపు. పాత ప్రతి పారెయ్యకుండా దాన్ని కూడా జతచెయ్, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి