బండి ఆగితే బస కూడా పోతుంది: ఒంటరి ప్రయాణానికి ఎంత పక్కన పెట్టాలి?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. ఉద్యోగ విరమణ తర్వాత పాత క్యాంపర్‌వ్యాన్ (లోపలే మంచం, వంటగది ఉండే వ్యాను) కొనుక్కుని ఒంటరిగా తిరుగుతున్నాను. కిందటి ప్రయాణంలో కూలెంట్ గొట్టం (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం వెళ్లేది) పగిలి బండి ఆగిపోయింది. మరమ్మతుకు పెద్దగా ఏమీ కాలేదు కానీ, విడిభాగం వచ్చేదాకా 9 రోజులు గది తీసుకుని ఉండాల్సి రావడంతో దానికి నాలుగింతలు ఖర్చయింది. అదంతా క్రెడిట్ కార్డు మీద పెట్టి, ఇంకా కొద్దికొద్దిగా తీరుస్తున్నాను. ఈసారి 6 నెలల ప్రయాణం అనుకుంటున్నాను. దారిలో బండి ఆగిపోతే సహాయం పంపే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పథకం తీసుకోమంటారా, ఆ డబ్బు నా దగ్గరే ఉంచుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో నా దృష్టి ముందుగా పడింది ఆ 9 రోజుల మీద. కారు చెడిపోతే ప్రయాణం ఒక్కటే ఆగుతుంది, క్యాంపర్‌వ్యాన్ చెడిపోతే దానితో పాటు మీ మంచమూ వంటగదీ కూడా గ్యారేజీ షట్టరు వెనక్కి వెళ్లిపోతాయి. ఇద్దరుంటే గది అద్దె చెరిసగం అవుతుంది, ఒకరు బండి దగ్గర ఉండి మరొకరు విడిభాగం కోసం తిరగవచ్చు. ఒంటరిగా వెళ్లేవారికి ఆ వెసులుబాటు లేదు కనుక, మరమ్మతుకు ఎంతవుతుందని కాకుండా ఎన్ని రోజులు ఆగిపోవలసి వస్తుందని లెక్క మొదలుపెట్టండి.

పథకం తీసుకోండి, అయితే కారుకు ఇచ్చే మామూలు పథకం కాదు. సాధారణ వాహన బీమా ప్రమాదానికీ దొంగతనానికీ పనికివస్తుందే తప్ప, అరిగిపోయి పాడైన భాగాలకు డబ్బు ఇవ్వదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పథకాల్లో సహాయానికి వచ్చే బండి ఎంత బరువు, ఎంత పొడవు, ఎంత ఎత్తు వరకు మోయగలదో పరిమితులు ఉంటాయి, క్యాంపర్‌వ్యాన్ యజమానులు చిక్కుకునేది అక్కడే. 100 లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే అదొక్కటే 100 కిలోల బరువు, పైన సోలార్ పలకలు బిగిస్తే పత్రాల్లో ఉన్న ఎత్తుకూ అసలు ఎత్తుకూ పొంతన ఉండదు. సామాను, నీళ్లు అన్నీ నింపాక ఒకసారి తూకం వేయించి, టేపు పెట్టి ఎత్తు కొలిచి, ఆ అంకెలు కంపెనీకి రాసి పంపి, వర్తిస్తుందన్న జవాబును రాతపూర్వకంగానే తీసుకోండి. బండిని దగ్గరి గ్యారేజీ వరకే చేరుస్తారా, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు, మరమ్మతు జరిగే రోజుల్లో బసకు ఎంత ఇస్తారు అన్నవి కూడా అడగండి. బస ఖర్చు ఇవ్వని పథకం చౌకగా దొరికినా మీకు పెద్దగా ఉపయోగపడదు.

పథకం ఉన్నా నిధి తప్పదు. 14 రోజుల గది అద్దె, భోజనం, ఒక మోస్తరు పెద్ద మరమ్మతు, బండిని అక్కడే వదిలి ఇంటికి చేరడానికి టికెట్టు, వీటన్నిటి మొత్తాన్ని ఇంటి అత్యవసర నిధితో కలపకుండా వేరే ఖాతాలో ఉంచండి. షేర్లలో పెట్టవద్దు. అది ఎప్పుడంటే అప్పుడు చేతికందే డబ్బు అయి ఉండాలి. కార్డులు రెండుంటే ఒకటి పర్సులో, మరొకటి వేరే సంచిలో ఉంచండి, బండితో పాటు రెండూ గ్యారేజీకి వెళ్లిపోకూడదు.

ఇక ఖర్చును నిజంగా తేల్చేది బండి మొరాయించిన తొలి పది నిమిషాలు. నేను మెకానిక్‌ను కాను, అయినా మీలాంటివారి బిల్లులు చూసి నేర్చుకున్నది చెబుతాను. ఉష్ణోగ్రత సూచించే ముల్లు పైకి లేస్తున్నప్పుడు 'వచ్చే ఊరిదాకా పోదాం' అనుకుంటే, గొట్టంతో తీరే పని ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్ వంకరపోయి ఇంజిన్ విప్పించుకునే దాకా వెళ్తుంది. వెంటనే పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, హెచ్చరిక లైట్లు వేసి, వాహనాలు వచ్చే వైపు కాకుండా అవతలి వైపు దిగి దూరంగా నిలబడండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, ఒత్తిడికి మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి.

గ్యారేజీలో ముందు లోపం చూసినందుకు ఎంత తీసుకుంటారో, బండి అక్కడ నిలిపినందుకు రోజుకు ఎంతో అడగండి. తర్వాత అంచనా రాయించుకుని, అది దాటే పక్షంలో మిమ్మల్ని అడగకుండా పని చేయవద్దని దాని మీదే రాయించండి. బయలుదేరే ముందే ఒక హద్దు కూడా పెట్టుకోండి: అంచనా బండి అమ్మకం ధరలో సగం దాటితే ఆ రోజు ఒప్పుకోకుండా ఒక రాత్రి ఆగి ఆలోచించాలి. ఇప్పటిదాకా దాని మీద పెట్టిన డబ్బు ఆ లెక్కలోకి రాకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, ముఖ్యంగా ఆ బండిలోనే నివసించేవారికి.

టైర్ల సంగతి ఒక్క మాట. ఎక్కువ కాలం నిలిపి ఉంచే బండ్లలో టైర్లు అరగకముందే పాతబడతాయి. టైరు పక్క గోడ మీద తయారీ తేదీగా ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి: 2316 అని ఉంటే అది 2016లో 23వ వారంలో తయారైంది. పాతబడ్డ టైర్లు మార్పించడం, గొట్టాలు, బెల్టులు చూపించడం కోసం పెట్టే డబ్బును ప్రయాణ ఖర్చులో రాయండి, అత్యవసర నిధిలోంచి తీయకండి.

వరుస విషయానికొస్తే, మొదట క్రెడిట్ కార్డు బాకీ పూర్తిగా తీర్చండి, దాని వడ్డీని మించి ఇచ్చే సురక్షితమైన డిపాజిట్ ఏదీ లేదు. ఆ తర్వాత బండి తనిఖీ, తర్వాత 14 రోజుల నిధి, చివరికి పథకం. ఇవన్నీ అయ్యాక మిగిలిన డబ్బు 4 నెలలకే సరిపోతే, 4 నెలలే వెళ్లి రండి.