ఫ్యాను తిరుగుతోంది, వేడి రావడం లేదు

ప్రశ్న: నిరుటి చలికాలమంతా పనిచేసిన మా 2000 వాట్ల రూమ్ హీటరులో ఇప్పుడు ఫ్యాను తిరుగుతోంది గానీ వేడి రావడం లేదు. కొత్తది కొనాలా?
– ఒక పాఠకురాలు, కోరాపుట్

జవాబు: తొందరపడకండి. ఫ్యాను తిరుగుతున్నదంటే కరెంటు లోపలికి చేరుతున్నట్లే కనుక, లోపం కాయిల్‌లోనో, అతివేడికి సరఫరాను ఆపే థర్మల్ కటౌట్‌లోనో ఉండవచ్చు. ముందుగా థర్మోస్టాట్ నాబ్‌ను చివరిదాకా తిప్పి చూడండి. చాలామంది దీన్నే మరిచిపోతారు. అప్పటికీ వేడెక్కకపోతే ప్లగ్గు తీసి, చల్లారాక, వెనుక జాలీకి పట్టిన దుమ్మును బ్రష్షుతో దులపండి. మెకానిక్ మల్టీమీటరుతో కొలిచినప్పుడు, 230 వోల్టులకు చేసిన మీ కాయిల్ సుమారు 26 ఓమ్‌లు చూపాలి; అసలేమీ చూపకపోతే తెగినట్లే. తెగిన కొసలను మెలివేసి కలపడం మన ఇళ్లలో పాత అలవాటే గానీ, ఆ ముడి దగ్గరే మళ్లీ కాలుతుంది, కాయిల్ మార్పించండి. ఈ హీటరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక 16 ఆంపియర్ల సాకెట్టులోనే పెట్టండి.