గింజలు పక్కనే ఉండగా పస్తులెందుకు?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించినప్పుడు (1941-44) అక్కడి విత్తన సంస్థ శాస్త్రవేత్తలు ధాన్యం మధ్యలోనే ఆకలితో చనిపోయారని చదివాను. కొన్ని గింజలు తిని బతకవచ్చు కదా? ఆ సంపదను కూర్చిన వావిలోవ్ అప్పుడు ఏమయ్యారు?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. సోవియట్ వృక్ష శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ అప్పటికే జైలులో ఉన్నారు. 1887లో మాస్కోలో పుట్టిన ఆయన, ఒక పంటలో రకాలు ఎక్కడ ఎక్కువగా కనిపిస్తాయో అదే ఆ పంటకు పుట్టిల్లు అయి ఉంటుందన్న ఆలోచనతో 1924లో అఫ్గానిస్థాన్, ఆ తర్వాత ఇథియోపియా వంటి దేశాలు తిరిగి పొలాల్లోనూ సంతల్లోనూ విత్తనాలు సేకరించారు. వరి, కంది, వంకాయలకు భారతదేశమే పుట్టిల్లని ఆయన లెక్క. వరి విషయంలో తర్వాతి పరిశోధనలు చైనా వైపు మొగ్గాయి. జన్యుశాస్త్రాన్ని తోసిపుచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకోకు సోవియట్ అధినేత స్టాలిన్ అండ దొరకడంతో వావిలోవ్‌కు గడ్డుకాలం వచ్చింది. 1940 ఆగస్టులో సేకరణ యాత్రలో ఉండగానే ఆయనను అరెస్టు చేశారు. 1943 జనవరి 26న సరతోవ్ జైలులో, తిండి చాలక క్షీణించి మరణించారు.

ఇక గింజల సంగతి. అక్కడ ఉన్నవి గాదెలు కావు, రకానికొక చిన్న పొట్లం. ఒక పొట్లం ఒక పూట ఆకలినైనా తీర్చదు కానీ, అది పోతే ఆ రకమే పోవచ్చు. అయితే అన్నీ కలిపితే టన్నుల లెక్క కనుక మీ ప్రశ్న న్యాయమైనదే. వరి నిపుణుడు ఇవానోవ్, వేరుశనగ చూసే షుకిన్ ఆ లెక్క తెలిసే వాటిని ముట్టుకోలేదు.

ఈ త్యాగాన్ని చెప్పుకొనేవారు బంగాళాదుంపను తరచు మరిచిపోతారు. దుంప ఏళ్ల తరబడి నిలవ ఉండదు. అందుకే లెనిన్‌గ్రాడ్ దగ్గరి పావ్లోవ్‌స్క్‌లో సంస్థ పొలాల నుంచి ఫిరంగి మోతల మధ్య దుంపలను తవ్వి తెచ్చి, అవి చలికి గడ్డకట్టకుండా నేలమాళిగలో దొరికిన కలపనల్లా కాల్చి కాపాడి, వసంతం రాగానే మళ్లీ నాటారు.

ఎండు గింజ కూడా శాశ్వతం కాదు, కాలం గడిచేకొద్దీ మొలకెత్తే శక్తి తగ్గుతుంది. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో, 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో (పంట రకాల విత్తనాలను భద్రపరిచే చోటు) జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి పంటల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. అక్కడివారు మొలక శాతం పరీక్షిస్తూ, అది పడిపోయిన రకాలను మళ్లీ పొలంలో పండించి కొత్త గింజను భద్రపరుస్తారు. ఈ రంగంలో ఉద్యోగ జీవితమంటే చాలావరకు ఈ పనే. కంది పూల మీద తేనెటీగలు వాలి ఒక రకం పుప్పొడిని మరో రకానికి అంటిస్తాయి కాబట్టి, ఆ మొక్కలను వలల కింద పెంచాల్సి ఉంటుంది.