కామ్రీయా, లెగసీయా? ముందు ఎన్నేళ్లుంటారో చెప్పండి

సంక్రాంతికి వైజాగ్ వచ్చి ఎంవీపీ కాలనీలో మా అక్క ఇంట్లో ఉన్నాను. మేనకోడలు, అల్లుడు, నాలుగేళ్ల పాప వచ్చే నెల ఒహాయోలోని కొలంబస్ వెళ్తున్నారు. సూట్‌కేసుల్లో ఏం సర్దాలో ఇంకా తేలలేదు గానీ, కారు సంగతి మాత్రం రాత్రి భోజనాల దగ్గరే మొదలైంది.

"మావయ్యా, ఎవర్ని అడిగినా టయోటా కామ్రీ కొను, లేదంటే హోండా అకార్డ్ కొను అంటున్నారు. ఈయనేమో అదే డబ్బుకి రెండేళ్లు కొత్తదీ, తక్కువ తిరిగిందీ సుబారు లెగసీ వస్తుందంటున్నారు. నువ్వేమంటావ్?"

ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నాను. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: అక్కడ ఎన్నేళ్లు ఉంటామనుకుంటున్నారు? రెండు మూడేళ్లా, పదేళ్లా? అల్లుడు నవ్వి, "అది మన చేతుల్లో ఉందా మావయ్యగారూ" అన్నాడు. అవును, లేదు. అందుకే ముందు దాని గురించి మాట్లాడాలి.

హెచ్-1బీ, ఎల్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94లో, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ పత్రంలో, తేదీ అంతకంటే ముందే ముగిస్తే అప్పటిదాకానే. ఆ గడువు కూడా 2017 జనవరి నుంచే వచ్చింది. అంతకుముందు, 2009లో, నాతో పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లకి ఒకే వారంలో ఉద్యోగం పోయింది. ఒకరి దగ్గర కామ్రీ ఉంది. శుక్రవారం సాయంత్రం ప్రకటన పెట్టాడు, ఆదివారం మధ్యాహ్నానికి డబ్బు చేతికొచ్చింది. రెండో అతని కారు కొన్నదీ ఇంచుమించు అంతకే, నడిచిందీ చాలా బాగా నడిచింది. కానీ ఆ మోడల్ కోసం వెతికేవాళ్లే లేరు. మూడు వారాలు చూసి, డీలర్ ఎంత ఇస్తే అంతకి ఇచ్చేసి విమానం ఎక్కాడు. అతన్ని ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. కారు గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తుంది.

అందుకే ఎన్నాళ్లుంటామో తెలియనివాళ్లకి మొదటి కారుగా నేను చెప్పేది కామ్రీ లేదా అకార్డ్. అవి గొప్ప కార్లని కాదు, తొందరగా అమ్ముడుపోతాయని. కామ్రీ 1988 నుంచి కెంటకీ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్‌లో తయారవుతోంది. అకార్డ్ తయారీ అయితే 1982లో ఒహాయోలోనే, కొలంబస్‌కి దగ్గర్లోని మేరీస్‌విల్‌లో మొదలైంది. జపాన్ కంపెనీ అమెరికాలో తయారుచేసిన మొదటి కారు అదే. ఇన్నేళ్లుగా ఇన్ని లక్షల కార్లు రోడ్డు మీద ఉంటే ఏమవుతుందో వైజాగ్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ఏ షెడ్డులోనైనా మారుతి బండి ఇస్తే చూసి పెడతారు కదా, అక్కడ ఈ రెండూ అంతే. పార్టు ఏ దుకాణంలోనైనా ఉంటుంది. పాత కారు పార్టులూ దొరుకుతాయి. మెకానిక్ అదివరకు వంద చూసుంటాడు.

అయితే ఈ నిశ్చింత ఊరికే రాదు. నాలుగైదేళ్ల పాత కామ్రీ ధర చూస్తే, ఇంకాస్త వేసుకుని కొత్తదే కొనొచ్చు కదా అనిపిస్తుంది. పేరు చూసి కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి, ఆ పేరుకి మనమూ డబ్బు కట్టాల్సిందే. పేరున్నంత మాత్రాన ఆ ఒక్క కారు మంచిదని కూడా కాదు. టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో లోపం ఉందని కార్లని వెనక్కి పిలిచిన రీకాల్‌లో, అమెరికాలో దాదాపు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులు మార్చాల్సి వచ్చింది. ఆ జాబితాలో పాత అకార్డులు కూడా ఉన్నాయి. ఏ కారైనా సరే, దాని 17 అక్షరాల వీఐఎన్ నంబర్‌ని (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రీకాల్ పని మిగిలుందో లేదో ఉచితంగా తెలుస్తుంది. డీలర్ దగ్గర ఆ పని కూడా ఉచితంగానే చేస్తారు.

ఇక అల్లుడు అన్నదాంట్లోనూ నిజం ఉంది. తక్కువమంది అడిగే కారు విలువ మొదటి మూడు నాలుగేళ్లలో బాగా పడిపోతుంది. ఆ నష్టం మొదటి యజమానిదే. తర్వాత మీరు కొని, అది నడిచినన్నాళ్లూ నడిపితే లాభం మీది. నేను 2012లో సెకండ్ హ్యాండ్ లెగసీ కొని 11 ఏళ్లు నడిపాను. మా పిల్లలిద్దరి స్కూలు రోజులన్నీ అందులోనే గడిచాయి. అమ్మేటప్పుడు పెద్దగా రాలేదు, రావాలని కూడా అనుకోలేదు. పదేళ్లు ఉంచుకునేవాడికి రీసేల్‌తో పనేముంది?

కానీ అలాంటి కారు కొనేముందు ఒక పని చేయండి. మీరు ఉండబోయే చోటు నుంచి పది మైళ్లలో దాన్ని బాగుచేసే స్వతంత్ర మెకానిక్ ఉన్నాడా? ఫోన్ చేసి, "ఈ మోడల్ మీ దగ్గరికి నెలకి ఎన్ని వస్తాయి?" అని అడగండి. డీలర్ సర్వీసు మీదే ఆధారపడాల్సి వస్తే, కొన్నప్పుడు మిగిలింది రెండేళ్లలో అక్కడే ఖర్చవుతుంది.

ఇంకో సంగతి. ఈ తరహా మిడ్‌సైజ్ సెడాన్లు ఒక్కొక్కటీ మార్కెట్ నుంచి తప్పుకుంటున్నాయి. ఫోర్డ్ ఫ్యూజన్ 2020తో ఆగిపోయింది. మాజ్దా 6 అక్కడ 2021 మోడల్‌తో, ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ 2022తో ఆగిపోయాయి. షెవ్రొలే మాలిబు తయారీ 2024 చివర్లో ముగిసింది. లెగసీకి 2025 మోడలే ఆఖరు. మనవైపు 2017 చివర్లో షెవ్రొలే అమ్మకాలు ఆపినప్పుడు, 2021లో ఫోర్డ్ ఇక్కడి తయారీ ఆపుతున్నట్లు ప్రకటించినప్పుడు ఆ కార్లున్న ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో చూశాం కదా. అక్కడ అంత భయం అక్కర్లేదు. బ్రేకులు, ఫిల్టర్లు, సెన్సర్లు ఏళ్ల తరబడి దొరుకుతాయి. ఇబ్బందల్లా బాడీ పార్టులతోనే. నా మొదటి కారు, పేరు అనవసరం, అంతగా తెలియని సెడానే. పార్కింగ్‌లో ఎవరో గుద్దితే ముందు బంపర్, ఒక హెడ్‌లైట్ రావడానికి ఐదు వారాలు పట్టింది. ఇన్సూరెన్స్ ఇచ్చిన అద్దె కారు గడువు మధ్యలోనే అయిపోయింది. అప్పటికి మా పెద్దవాడికి మూడు నెలలు, బయట మంచు. ఆ రెండు వారాలు టీకాలకి, కూరగాయలకి పక్కింటివాళ్లని బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఒకటే కారు ఉండేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఉప్పు గురించి వైజాగ్ వాళ్లకి చెప్పడం నాకు సులువు. బీచ్ రోడ్డు ఇళ్లలో గేట్లూ గ్రిల్సూ ఎంత త్వరగా తుప్పు పడతాయో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఒహాయో, మిషిగన్, న్యూయార్క్ వైపు చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది కారు అడుగుభాగానికి పట్టి తినేస్తుంది. పైన పెయింటు అద్దంలా మెరుస్తుంటుంది, కింద బ్రేక్ గొట్టాలు పొరలు పొరలుగా రాలుతుంటాయి. పేరున్న కారా, లేనిదా అన్న తేడా ఉప్పుకి లేదు. కాబట్టి లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూపించకుండా ఏ పాత కారూ కొనొద్దు. కొనేముందు తనిఖీకి మీ మెకానిక్ వంద, రెండు వందల డాలర్లు తీసుకుంటాడు. అమ్మేవాడు కారు పంపనంటే, అక్కడితో ఆ బేరం వదిలేయండి.

వరద కూడా అలాంటిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు మన వీధుల్లో కార్లు ఏమయ్యాయో మర్చిపోలేం. అక్కడ 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్, 2022లో ఇయన్ తుఫానుకి ఫ్లోరిడా మునిగాయి. నీళ్లలో మునిగిన కార్లు ఆరబెట్టుకుని వేరే రాష్ట్రాల్లో అమ్మకానికి వస్తాయి. టైటిల్ మీద, అంటే కారు యాజమాన్య పత్రం మీద, సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (అలాంటిదాన్ని మళ్లీ బాగుచేసింది), ఫ్లడ్ (వరదలో మునిగింది) అని ఉంటే ధర ఎంత తక్కువైనా వద్దు. కారు పాత చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ నివేదిక తీసుకోండి, అది శుభ్రంగా ఉన్నా సీటు బెల్టుని చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి.

లెగసీకి నాలుగు చక్రాలకీ శక్తి వెళ్తుంది కాబట్టి మంచులో అదే మంచిదని అల్లుడు అన్నాడు. కదలడానికి మంచిదే బాబూ, ఆగడానికి కాదు. మంచు మీద ఆపేది టైర్లు. మంచి వింటర్ టైర్లు వేసిన కామ్రీ ఒహాయో చలికాలానికి సరిపోతుంది. పెట్రోలు విషయంలో కూడా తేడా చూసుకోండి. 2025 నుంచి కామ్రీ పూర్తిగా హైబ్రిడ్డే. ఎల్‌ఈ మోడల్ గ్యాలన్‌కి 51 మైళ్లు ఇస్తుంది, మన లెక్కలో లీటరుకి 21 కిలోమీటర్ల పైమాటే. 2.5 లీటర్ల లెగసీ గ్యాలన్‌కి 30 మైళ్లు, అంటే లీటరుకి పన్నెండున్నర పైన.

కొరియా కార్ల గురించి కూడా అడిగారు. హ్యుందాయ్ సొనాటా, కియా కే5 కొత్తవి కొనేవాళ్లకి ఇంజిన్, గేర్‌బాక్స్ మీద 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఉంటుంది. అది మొదటి యజమానికే. రెండో చేతికి వస్తే 5 ఏళ్లు, 60 వేల మైళ్లకి తగ్గిపోతుంది, కంపెనీ సర్టిఫై చేసి అమ్మితే తప్ప. పాతవాటిలో తాళం తిప్పి స్టార్ట్ చేసే రకానికి చాలావాటిలో ఇమ్మొబిలైజర్, అంటే అసలు తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే పరికరం, లేదు. వాటి దొంగతనాలు పెరిగి, కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు కొన్ని ఊళ్లలో కొత్త పాలసీలు ఇవ్వడమే మానేశాయి. బటన్ స్టార్ట్ ఉన్నది చూసుకోండి. ఏ కారైనా బేరం ఖాయం చేసేముందు వీఐఎన్ చెప్పి ఇన్సూరెన్స్ ఎంతవుతుందో అడగండి. కొత్తగా వచ్చినవాళ్లకి అది నెల వాయిదాతో పోటీపడుతుంది.

లోన్ గురించి ఒక్క మాట. మీకక్కడ క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు తీర్చిన రికార్డు, ఉండదు, వడ్డీ ఎక్కువ పడుతుంది. నెల వాయిదా తగ్గుతుందని 72 నెలలకి సంతకం పెట్టకండి. రెండేళ్లకి తిరిగి రావాల్సి వస్తే కారు విలువ కంటే బాకీ ఎక్కువగా ఉంటుంది. కొత్తవాళ్లకి లోన్ ఇచ్చే క్రెడిట్ యూనియన్‌ని (మన సహకార బ్యాంకు లాంటిది) ముందు అడగండి.

ఇంతా విన్నాక మా అక్క, "నేనొస్తే ఎక్కడ కూర్చుంటాను రా?" అంది. మంచి ప్రశ్న. పాప చైల్డ్ సీటు వెనక ఒక పక్కన బిగించాక, మిగిలిన చోట మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆర్నెల్లు ఎక్కి దిగాలి. సెడాన్ సీటు కిందికి ఉంటుంది. కాబట్టి డీలర్ దగ్గరికి చైల్డ్ సీటు తీసుకెళ్లి బిగించి చూడమన్నాను.

చివరికి ఇలా అనుకున్నారు. దిగగానే కొనకుండా నెల రోజులు అద్దె కారు నడుపుతారు, వీలైతే అకార్డే అద్దెకి తీసుకుంటారు. తర్వాత నాలుగైదేళ్ల అకార్డ్ ఒకటి, తనిఖీ చేయించి, 36 నెలల్లో తీరే లోన్‌తో. గ్రీన్‌కార్డ్ పని మొదలయ్యాక అల్లుడికి ఇష్టమైన లెగసీ చూడొచ్చు, అప్పటికి బాగా ధర తగ్గినవి దొరుకుతాయి. మేనకోడలు రేపు పొద్దున్నే ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్దామంది. కారు ఇంకా లేకపోయినా, అక్కడ పూజ చేయించిన కుంకుమ పొట్లం పట్టుకెళ్తుందట, కొన్న రోజు స్టీరింగ్‌కి పెట్టడానికి.