మానేసినా తగ్గని తహతహ: దానిపై పరిశోధనను కెరీర్‌గా ఎంచుకోవచ్చా?

ప్రశ్న: డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను, మెయిన్ సబ్జెక్టు జీవశాస్త్రం. మా అన్నయ్య మెథాంఫెటమిన్ అనే డ్రగ్‌కు అలవాటుపడి, మానేసి రెండు నెలలైంది. అయినా పాత స్నేహితుడి నంబరు ఫోన్‌లో కనబడితే చాలు, ఆ రోజంతా మనిషి మనిషిలా ఉండడు. వ్యసనమంటే డోపమిన్ అనే మెదడు రసాయనం పనేనని మాకు పాఠాల్లో చెప్పారు. గ్లుటమేట్ అనే మరో మెదడు రసాయనాన్ని అందుకునే రిసెప్టర్ల పాత్ర కూడా ఉందని ఈమధ్యే చదివాను. దీన్నే కెరీర్‌గా తీసుకోవచ్చా? ఇందులో ఉద్యోగాలుండవని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: తీసుకోవచ్చు. మీ అన్నయ్యలో మీరు గమనించింది ఈ రంగాన్ని ఏళ్ల తరబడి నడిపిస్తున్న ప్రశ్నే. రోజులు గడిచేకొద్దీ కోరిక తగ్గాలి కదా అనుకుంటాం. కానీ కొకెయిన్‌కు అలవాటుపడిన ఎలుకల్లో, డ్రగ్‌ను గుర్తుచేసే సంకేతాలకు స్పందన మానేశాక మొదటి రెండు నెలల్లో పెరుగుతూ పోయిందని 2001లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. మెథాంఫెటమిన్ విషయంలోనూ తర్వాత ఇలాంటిదే కనిపించింది.

మీ పాఠం తప్పు కాదు, సగంలో ఆగిందంతే. కొకెయిన్ డోపమిన్‌ను కణం తిరిగి తీసుకోకుండా అడ్డుకుంటుంది. మెథాంఫెటమిన్ లాంటి యాంఫెటమిన్లు దాన్ని బయటికి నెడతాయి. ఆ ఉప్పెన కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, అప్పుడు మెదడు నేర్చుకున్నది మాత్రం ఉండిపోతుంది. ఆ నేర్చుకోవడంలో పెద్ద పాత్ర గ్లుటమేట్‌దే. ఒక్కసారి కొకెయిన్ ఇచ్చినా ఎలుకల్లో డోపమిన్ కణాల మీది గ్లుటమేట్ సినాప్సులు, అంటే కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే చోట్లు, బలపడ్డాయని 2001లోనే మరో బృందం చూపింది. ఆ మార్పు 5 రోజుల తర్వాతా ఉంది, 10 రోజులకు పోయింది. డ్రగ్ చాలాకాలం తీసుకుని మానేస్తే కథ వేరు. కొన్ని వారాలు గడిచాక న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే మెదడు భాగంలో, గ్లుటమేట్‌ను అందుకునే ఆంపా రిసెప్టర్లలో గ్లూఏ2 అనే ముక్క లేనివి పోగవుతాయి. మామూలుగా గ్లూఏ2 క్యాల్షియాన్ని లోపలికి రానివ్వదు. అది లేని రిసెప్టర్ల నుంచి క్యాల్షియం లోపలికి వస్తుంది, సినాప్సు చిన్న సంకేతానికే గట్టిగా స్పందిస్తుంది. వాటిని అడ్డుకున్నప్పుడు ఎలుకల్లో డ్రగ్ కోసం వెతుకులాట తగ్గింది. ఫోన్‌లో కనబడిన ఒక నంబరు మనిషినంతా ఎలా కదిలిస్తుందో నాకు మొదటిసారి అర్థమైంది ఇది చదివాకే.

ఇంత తెలిసినా, కొకెయిన్, మెథాంఫెటమిన్ వ్యసనాలకు అమెరికాలో మందులకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ ఇప్పటిదాకా ఒక్క మందును కూడా ఆమోదించలేదు. ఇది మీకు దాచకూడని విషయం. గ్లుటమేట్ రిసెప్టర్లు మెదడంతటా ఉన్నాయి, జ్ఞాపకానికీ స్పృహకూ కావాలి. వాటిని మొత్తంగా ఆపేస్తే మనిషి మామూలుగా ఉండలేడు. ఎన్‌ఎండీఏ అనే మరో రకం గ్లుటమేట్ రిసెప్టర్లను అడ్డుకునే కెటమిన్, ఆపరేషన్లప్పుడు ఇచ్చే మత్తుమందు అన్నది గుర్తుచేసుకోండి. ఎంగ్లూఆర్5 అనే ఇంకో గ్లుటమేట్ రిసెప్టర్ లేని ఎలుకలు కొకెయిన్‌ను తమంతట తాము తీసుకోలేదని తెలిశాక, రిసెప్టర్‌ను పూర్తిగా మూసేయకుండా దాని పనిని కాస్త తగ్గించే పదార్థాల మీద ఆశ పెరిగింది. ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎందుకు పనిచేయడం లేదన్న ప్రశ్నకే మీలాంటివాళ్లు కావాలి.

కోర్సు పేరు తర్వాత చూద్దాం. ముందు ఏ స్థాయిలో పనిచేస్తారో తేల్చుకోండి. ఒక్క కణం నుంచి కరెంటు కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతి మీకు నచ్చితే న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ, కొత్త పదార్థాలు తయారుచేయడం నచ్చితే ఫార్మకాలజీ లేదా ఔషధ రసాయనశాస్త్రం, మనుషులతో మాట్లాడటం నచ్చితే సైకియాట్రీ లేదా క్లినికల్ సైకాలజీ. మొదటి దారిలో ఎలుకల మీద ప్రయోగాలు తప్పవు. అది మీ మనసుకు పట్టదనిపిస్తే ఇప్పుడే పక్కకు జరగండి, అందులో చిన్నతనం లేదు.

ఇంట్లోవాళ్ల భయంలో నిజముంది. యూనివర్సిటీల్లో శాశ్వత పోస్టులు తక్కువ, పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది. అయితే గ్లుటమేట్ మూర్ఛ, డిప్రెషన్, అల్జీమర్స్ పరిశోధనల్లోనూ ముఖ్యమే. కణాల్లో కరెంటు కొలిచే ఎలక్ట్రోఫిజియాలజీతో పాటు స్టాటిస్టిక్స్, కొంచెం ప్రోగ్రామింగ్ చేతిలో ఉంటే మందుల కంపెనీల్లోనూ క్లినికల్ ట్రయల్స్‌లోనూ పని దొరికే వీలుంటుంది. కాబట్టి ల్యాబ్ ఎంచుకునేటప్పుడు అక్కడ ఏ పద్ధతి నేర్పుతారో అడగండి.

ఒక్క మాట, అన్నయ్య గురించి. మీ పరిశోధన ఆయన అవసరానికి అందేసరికి ఆలస్యమవుతుంది. డ్రగ్ తీసుకోలేదని పరీక్షలో తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అనే పద్ధతికి ఇప్పుడు ఉన్నవాటిలో మంచి ఆధారాలున్నాయి. అది దొరుకుతుందేమో ఆయన డాక్టర్‌ని అడగండి. ఆ నంబరు కూడా తీసేయించండి. రిసెప్టర్ల సంగతి ఆయనకు చెప్పాలనిపిస్తే, తనను తాను తిట్టుకోకుండా ఉండటానికి చెప్పండి, 'నీ మెదడు పాడైంది' అన్నట్టు మాత్రం కాదు.

ఈ సెలవుల్లో ఏదైనా ఎలక్ట్రోఫిజియాలజీ ల్యాబ్‌లో రెండు నెలలు పనిచేయడానికి ఉత్తరం రాయండి. మీ ప్రశ్నను మూడు వాక్యాల్లో పెట్టండి, పొగడ్తలు వద్దు. రోజంతా కూర్చున్నా ఒక్క కణమూ సరిగ్గా చిక్కని రోజులు చాలా ఉంటాయి. మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాలనిపిస్తే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయండి.