ఇల్లు నా పేరున మార్చుకొని ఐపీ పెట్టవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. మావారూ నేనూ కర్రీ పాయింట్ నడుపుతున్నాం. మావారు బండి మీద నుంచి పడి కాలు విరగడంతో నాలుగు నెలలు కొట్టు మూసేశాం. బ్యాంకులో ఆయన పేరున నాలుగు లక్షల ముద్రా లోను ఉంది, రెండు వాయిదాలు తప్పాయి. నా పేరున రెండు మైక్రోఫైనాన్స్ కంపెనీల్లో గ్రూపు లోన్లు ఉన్నాయి. ఇవి చాలక ఒక ఫైనాన్స్ వ్యాపారి దగ్గర నూటికి నాలుగు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాం. సంతకం పెట్టిన ప్రోనోటు, మావారి ఖాళీ చెక్కులు రెండు ఆయన దగ్గరే ఉన్నాయి. వడ్డీ కిందే లక్షా ఇరవై వేలు కట్టాం. ఇప్పుడు ఇల్లు అగ్రిమెంటు రాయమంటున్నాడు, లేకపోతే జైలుకు పంపిస్తానంటున్నాడు. గ్రూపు ఏజెంట్లు పొద్దున్న ఏడింటికే వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. మావారి పేరున ఉన్న ఇంటిని నా పేరుకు మార్చుకొని ఐపీ (దివాలా పిటిషన్) పెట్టమని బంధువులు చెబుతున్నారు. మావారు సరిగా తినడం లేదు, మాట్లాడటం లేదు. ఎవరికి ముందు కట్టాలి? ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కాగితాల సంగతికి ముందు మీవారి సంగతి. అప్పుల్లో ఉన్న మనిషి తిండి, మాట తగ్గించేస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఈ రోజే ఫోన్ చేయండి. ఉచితం, ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నాలుగు రోజులూ ఆయన్ను ఒంటరిగా వదలకండి. అప్పు చేసినందుకు ఆయన సిగ్గుపడుతుంటే ఒక లెక్క చెప్పండి. 2019లో జాతీయ నమూనా సర్వే వాళ్లు వ్యవసాయ కుటుంబాల మీద చేసిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం కుటుంబాలకు అప్పులున్నట్టు తేలింది. దేశం మొత్తం మీద అది 50.2 శాతమే. మన దగ్గర అప్పు లేని ఇల్లే వింత.

ఇక ఎవరికి ముందు కట్టాలన్నది. ఇన్నాళ్లూ మీరు ఎవరు ఎక్కువ గొడవ చేస్తే వాళ్లకు కట్టుకుంటూ వచ్చి ఉంటారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది చేసేది అదే. అరుగు మీద కూర్చున్నవాడికి ఆ వారం కిస్తీ అందుతుంది, ఏమీ అనని బ్యాంకు వాయిదా తప్పుతుంది, నోటీసు మాత్రం మూడో చోటు నుంచి వస్తుంది. ఎవరి చేతిలో ఏ కాగితం ఉంది, దానితో వాళ్లు చట్టప్రకారం ఏం చేయగలరు అన్నది చూసి వరస పెట్టుకోవాలి. ఆ లెక్కన మీకున్న అసలు ప్రమాదం ఆ రెండు చెక్కులు.

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. కోర్టు డిక్రీ వచ్చాక కూడా, చేతిలో డబ్బుండి ఎగవేస్తున్నాడని రుజువైతే తప్ప, పేదరికం వల్ల కట్టలేని మనిషిని సివిల్ జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లనైతే అసలు అరెస్టు చేయకూడదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ ఉంది. ప్రోనోటు బాకీ వసూలు చేసే పని పోలీసులది కాదు. కానీ చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది నేరం. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చెక్కుల మీద ఉన్నది మీవారి సంతకమే కాబట్టి ఆ కేసు ఆయన ఒక్కడి మీదే నడుస్తుంది.

ఖాళీ చెక్కు ఇచ్చాం కాబట్టి చెల్లదనుకోకండి. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివాడు నింపుకున్నా, బాకీ ఉందనే కోర్టు మొదట అనుకుంటుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బాకీ అంత లేదని చూపించాల్సిన భారం మనదే. బ్యాంకుకు వెళ్లి, ఆ చెక్కులకు డబ్బివ్వొద్దని స్టాప్ పేమెంట్ పెట్టేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. స్టాప్ పేమెంట్ పెట్టినా, ఖాతా మూసేసినా 138 కేసు వస్తుంది. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో వ్యాపారి నోటీసు పంపాలి, అది అందాక మీకు 15 రోజుల గడువు ఉంటుంది. రిజిస్టర్ పోస్టు తీసుకోకుండా తిప్పి పంపితే నోటీసు అందనట్టే అనుకునేవాళ్లు చాలామంది. కోర్టు అందినట్టే లెక్కేస్తుంది. నోటీసు తీసుకోండి, ఆ 15 రోజుల్లోనే లాయరుతో జవాబు ఇప్పించండి.

ఆ జవాబులో ఏం రాయగలం అన్నది మీ దగ్గరున్న రుజువును బట్టి ఉంటుంది. లక్షా ఇరవై వేలు కట్టామన్నారు. ఫోన్‌పే, గూగుల్ పేలో పంపినవన్నీ బ్యాంకు స్టేట్‌మెంటు తీసి తేదీల వారీగా రాసిపెట్టుకోండి. చేతికిచ్చిన డబ్బుకు నోటు వెనక చెల్లు వేయించుకున్నారా? లేకపోతే ఇకమీదట ఒక్క రూపాయి కూడా చేతికివ్వకండి. చెక్కు ఇచ్చిన తర్వాత అసలులో కొంత తీర్చినా, దాన్ని చెక్కు మీద నమోదు చేయకుండా మొత్తానికి వేస్తే 138 కేసు నిలవదని 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో తీర్పు ఉంది. మీ విషయంలో చిక్కేమిటంటే, మీరు కట్టిందంతా వడ్డీకేనని వ్యాపారి అంటాడు, మీ ఉత్తరంలో మీరూ అదే రాశారు. అందుకే వడ్డీ దగ్గరే పోరాడాలి. నూటికి నాలుగంటే ఏడాదికి 48 శాతం. ఇంత వడ్డీని తగ్గించి, జరిగిన లావాదేవీని తిరిగి తవ్వి లెక్క తేల్చే అధికారం ఉసూరియస్ లోన్స్ (అధిక వడ్డీ అప్పుల) చట్టం, 1918 కింద సివిల్ కోర్టుకు ఉంది. ఈ సంగతి తెలిసిన వ్యాపారి కోర్టు మెట్లెక్కే ముందు ఆలోచిస్తాడు, బేరానికీ వస్తాడు. రాజీ కుదిరితే ప్రోనోటు, రెండు చెక్కులు చేతికి తీసుకున్నాకే చివరి డబ్బు ఇవ్వండి.

ఇల్లు అమ్ముతున్నట్టు అగ్రిమెంటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకండి. ఇవాళ ఆ వ్యాపారిది ప్రోనోటు బాకీ, ఆ కాగితం మీద సంతకం పడ్డాక ఇల్లు కొనడానికి ఒప్పందం చేసుకున్నవాడవుతాడు. బాకీకి తాకట్టుగా ఇచ్చామని తర్వాత రుజువు చేయడానికి ఏళ్లు పడుతుంది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ (అధిక వడ్డీకి అప్పిచ్చి వేధించే) దందా బయటపడ్డప్పుడు పోలీసులు పట్టుకున్నవాటిలో ఇలాంటి ఖాళీ చెక్కులు, సంతకాలు పెట్టించుకున్న నోట్లు చాలానే ఉన్నాయి. బెదిరించి సంతకం పెట్టించుకుంటే అది భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు. ఫోన్లో బెదిరిస్తే రికార్డు చేసి ఉంచండి.

గ్రూపు లోన్ల విషయంలో మీ చేతిలో ఉన్న ఆయుధం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ఇచ్చిన మైక్రోఫైనాన్స్ నిబంధనలు. పొద్దున్న 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, చుట్టాలనూ స్నేహితులనూ వేధించకూడదు. వసూలు మొదట ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. అక్కడికి మీరు వరసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికి రావచ్చు. కష్టంలో ఉన్న రుణగ్రహీతను గుర్తించి, ఏం చేయవచ్చో దారి చెప్పే ఏర్పాటు కంపెనీకి ఉండాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి కొట్టు మూతపడిన సంగతి, డాక్టరు చీటీ జతచేసి రెండు కంపెనీలకూ రాతపూర్వకంగా తెలపండి, వాయిదాలు తగ్గించి గడువు పెంచమని అడగండి. ఫిర్యాదు నంబరు లోను కార్డు మీదే ఉంటుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, 14448కు ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు. 2010లో మన రాష్ట్రం తెచ్చిన మైక్రోఫైనాన్స్ చట్టం ఉంది కదా అని కొందరు అడుగుతారు. రిజర్వు బ్యాంకు కింద ఉన్న కంపెనీలకు అది వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పింది. ఆ తీర్పు పక్క రాష్ట్రానిదే అయినా, దానికి ఆధారం సుప్రీంకోర్టు మాటే కాబట్టి నేనైతే పాత చట్టం మీద ఆశ పెట్టుకోను.

బ్యాంకు సంగతి త్వరగా చెబుతాను, కానీ చేయాల్సింది మాత్రం ఈ వారమే. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. అంతకుముందే ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాల నమోదు పత్రం) జతచేసి, చిన్న పరిశ్రమల పునరుద్ధరణ విధానం కింద లోను సర్దుబాటు చేయమని మేనేజరుకు అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పది లక్షల లోపు లోన్లకు ఆ నిర్ణయం బ్రాంచి స్థాయిలోనే జరగవచ్చు. అడగనివాళ్లకు బ్యాంకు తనంతట తాను ఇవ్వదు. ఉద్యమ్ నమోదు లేకపోతే ఆన్‌లైన్‌లో ఉచితంగానే అవుతుంది, బ్రోకరుకు డబ్బులివ్వకండి.

ఇక బంధువుల సలహా. అప్పులవాళ్లకు అందకుండా చేయాలని ఇల్లు మీ పేరుకు మారిస్తే ఆస్తి బదలాయింపు చట్టం 53వ సెక్షన్ కింద ఆ రిజిస్ట్రేషన్‌ను కోర్టు కొట్టేయగలదు. ఐపీలోనైతే దివాలాకు ముందు రెండేళ్లలో చేసిన అలాంటి బదిలీలు చెల్లవు. పైగా క్రిమినల్ కేసుకూ అవకాశం ఇచ్చినట్టవుతుంది. అసలు మీరూ గ్రూపు లోన్ల బాకీదారే కదమ్మా, మీ పేరుకు మారిస్తే ఒరిగేదేముంది?

ఐపీ అంటే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే పిటిషన్. అయిదు వందలు, అంతకు మించి అప్పుండి తీర్చలేని ఎవరైనా వేయవచ్చు, ఆ అంకె ఇప్పటికీ మారలేదు. దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వెళుతుంది. వంటపాత్రలు, కట్టుబట్టలు లాంటివి వదిలేస్తారు, ఇల్లు మాత్రం లెక్కలోకి వస్తుంది. చెక్కు బౌన్స్ కేసు కూడా దానితో ఆగదు. ఏ ఆస్తీ లేనివాడికి ఐపీ ఊరట. మీకు ఇల్లుంది, కొట్టు మళ్లీ తెరిస్తే రాబడి ఉంది, కాబట్టి మీకు ఐపీ వద్దనే నేను చెబుతాను.

దీనికంతటికీ లాయరు ఫీజు ఎక్కడి నుంచి తేవాలని మీరు అడగలేదు గానీ ఆ భయం ఉంటుంది. న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. తెనాలి కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవల కమిటీ దగ్గర అర్జీ పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు పడకముందే లోక్ అదాలత్‌కు అప్పిచ్చిన నలుగురినీ పిలిపించి, నెలకు ఎవరికెంత కట్టగలరో ఒకే కాగితం మీద పెట్టమని అడగండి. అక్కడ కుదిరిన రాజీకి డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. అందుకే కట్టగలిగినంతకే ఒప్పుకోండి. వెళ్లేటప్పుడు లోను కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆసుపత్రి కాగితాలు, ఇంటి దస్తావేజు నకలు పట్టుకెళ్లండి. అసలు దస్తావేజు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.